ముంతలో ఇసుక

నా చిన్నప్పుడు పత్తికొండ దగ్గర మా పల్లెలో క్రైస్తవుల ఇళ్ళన్నిటిలో పొయ్యి పక్కన ఒక ముంత ఉండేది. వంటకు జొన్నలు తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు ఆ ముంతలో వేసేవాళ్ళు. ఆదివారం దాన్ని చర్చికి తీసుకుపోయి, వేదిక ముందు పరిచిన దుప్పటి మీద పోసేవాళ్ళు. మా ఇంట్లో ఆ పని మా జేజిది, మా నాయనను కన్నతల్లిది. పిడికెడు వేసినప్పుడల్లా ఆమె "స్తోత్రం తండ్రీ" అనేది. కరువులో పిడికిలి చిన్నదైంది గానీ ఆ మాట తగ్గలేదు.

ఆ ఏడు వానలు పడలేదు. మా నాయన బావిలో పూడిక తీస్తూ జారి పడ్డాడు. కాలు విరిగి, పుండు చీము పట్టింది. కాలు తీసేయాల్సి రావచ్చని కర్నూలు పెద్దాసుపత్రిలో చెప్పారు. మా అమ్మ ఆయన దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో నేనూ జేజీ మిగిలాం. తెల్లవారుజామున ఆమె జొన్నలు విసురుతూ దేవుణ్ణి స్తుతించి పాడేది. ఆ పాట వింటే నాకు ఒళ్ళు మండేది. నేనూ నెల రోజులు మోకాళ్ళ మీద కూర్చుని నాయన కాలు బాగు చేయమని అడిగాను. వచ్చిన కబురల్లా పుండు మానలేదనే.

ఒక శనివారం జేజి కూలికి పోయినప్పుడు బొరుగులాయన వీధిలోకి వచ్చాడు. జొన్నలు పోస్తే బొరుగులు కొలిచి ఇచ్చేవాడు. ఆకలి ఒక పక్క, కోపం ఒక పక్క. మా మాట వినని దేవునికి మా జొన్నలెందుకు అనుకున్నాను. ఒక్క పిడికెడు మిగిల్చి, ముంతలో తక్కిన జొన్నలన్నీ పోసి బొరుగులు తీసుకుని తిన్నాను. తర్వాత వంకలోంచి ఇసుక తెచ్చి ముంతలో నింపి, పైన ఆ పిడికెడు జొన్నలు పరిచాను. జేజి ముంతను ఎట్లున్నది అట్లా తీసుకుపోదని, చాటలో పోసి చెరిగి, రాళ్ళేరి గానీ గడప దాటదని నాకు గుర్తే లేదు.

ఆదివారం పొద్దున ఆమె ముంతను చాటలో వంచింది. ఇసుక జారి కుప్పపడింది. ఆమె దాన్ని వేలితో కదిపి చూసింది.

"ఇసుక యాడిదప్పా?" అంది.

దెబ్బలు తప్పవనుకుని ఏడుస్తూ అంతా చెప్పేశాను, దేవుని మీద కోపంతో సహా. ఆమె కొట్టలేదు. చాట ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, ఆకలైందని వీడు నాకు చెప్పలేకపోయినాడు. కోపమొచ్చిందని నీకు చెప్పలేకపోయినాడు. ఈ పిడికెడన్నా మిగిల్చినాడు, నీకు స్తోత్రం."

తర్వాత నా వైపు తిరిగింది. "ఆయన మింద కోపముంటే ఆయనకే చెప్పల్ల నాయనా. ముంతలో ఇసుక పోస్తే ఆయనకేం అర్థమైతాది? చెప్పు, నేనీడనే ఉంటా."

నేను మోకరించి దేవుణ్ణి తిట్టినంత పని చేశాను. మా నాయన నీకేం చేసినాడని అడిగాను. నా కోపమంతా అయిపోయేదాకా ఆమె విని, చివర్లో మెల్లగా "ఆమెన్" అంది.

ఆ రోజు ఆమె ఆ పిడికెడు జొన్నలే కొంగులో పోసుకుని చర్చికి వచ్చింది. పక్కింటి అక్క నవ్వుతూ, "ఏం జేజీ, దేవునికి ఈ వారం ఒక్క పొద్దా?" అంది. "మావోడు కూడా తినినాడు లేమ్మా, ఇద్దరికీ సరిపోయింది" అని జేజి కూడా నవ్వి, అందరికంటే గట్టిగా పాట ఎత్తుకుంది.

మా నాయన రెండు నెలలకు ఇంటికొచ్చాడు. కాలు మిగిలింది గానీ వంగలేదు. ఆయన మళ్ళీ మడక పట్టి దున్నలేదు. కట్టె సాయంతో గడప దాటుతున్న కొడుకును చూసి జేజి స్తోత్రం చెప్పింది. నేను మాత్రం వంగని కాలినే చూశాను.

పెద్దయ్యాక కూడా నేను ముంతలో ఇసుక పోస్తూనే వచ్చాను. మూడేళ్ళ కిందట మా ఆవిడ మంచాన పడింది. చర్చిలో అందరితో పాటు పాటలు పాడేవాణ్ణి. ఇంటికొచ్చి, దేవుని మీద కోపమంతా ఆమె మీద చూపేవాణ్ణి. ఒకసారి నీళ్ళడిగితే గ్లాసు ఆమె పక్కన విసురుగా పెట్టాను. ఆమె తడిసిన దుప్పటిని చేత్తో సర్దుకుంది, అంతే. ఆ తడి చూసినప్పుడు నాకు చాటలో ఇసుక గుర్తొచ్చింది. ఆమె మంచం పక్కనే మోకరించి, కోపం, భయం, ఆమెకు చేసిన తప్పు, అన్నీ దేవునికి పైకే చెప్పేశాను. అన్నీ అయ్యాక ఆమె ఇంకా నా పక్కనే ఉన్నందుకు స్తోత్రం చెప్పాను.

ఆమెకు నయం కాలేదు. అవుతుందో లేదో తెలియదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ మంచం పక్కన కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఒక్కోరోజు ఫిర్యాదులే ఎక్కువ, స్తోత్రం పిడికెడే. ఆమె కళ్ళు మూసుకుని అంతా వింటుంది. చివర్లో, మా జేజి లాగే, మెల్లగా "ఆమెన్" అంటుంది.