మేం యోహాను మాస్టారి పరాన్నజీవులం

యోహాను మాస్టారు ఇక లేరన్న దుర్వార్త చిలకలూరిపేట బస్టాండులో ఉండగా విన్నాను. చెవి విన్నది గానీ మనసు ఒప్పుకోలేదు. జిన్నింగు మిల్లుల వైపు నుంచి దూదిపింజలు గాలిలో తేలి వస్తున్నాయి. ఈపాటికి ఏదో చేపను కోస్తూ కూర్చుని ఉంటారులే అనుకుంటూ, కలలో నడిచినట్టు ఆయన వీధికి నడిచాను.

జంతుశాస్త్రం ఆయన జీవిక, సముద్రం ఆయన తపస్సు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మధ్య పుట్టి, పేటకు ఇల్లరికం వచ్చి, మిరప ఘాటుకు దగ్గుతూనే ఇక్కడి కాలేజీలో జీవితమంతా పాఠం చెప్పిన విద్వన్మూర్తి. సెలవు దొరికితే చాలు, వాడరేవుకు పరుగు. ఓడల్లో నింపుకొచ్చే నీళ్లతో పరాయి సముద్రం నుంచి మన తీరం చేరిన ఒక చేప మీద మనసు పడ్డారు. దాని మొప్పలు తెరవడం, శుభ్రంగా ఉన్నాయని నిట్టూర్చడం, ఏళ్ల తరబడి ఇదే వరస. జబ్బు లేని చేపను చూసి దిగులుపడే మనిషిని నేనింకెక్కడా చూడలేదు!

ఆ దిగులేమిటో ఒకనాడు అన్నాల దగ్గర చెప్పారు.

"కొత్త నీళ్లకొచ్చిన చేపను ముందు ఇక్కడి పురుగేదీ ముట్టదురా ఖాసిం. ముట్టి, మొప్పలో కాపురం పెట్టిందనుకో, ఈ సముద్రం ఆ చేపను తనదిగా ఎరిగినట్టు."

పాపం చేపకు నష్టం కదండీ అన్నాను.

"నష్టమేరా. ఎవరికీ తిండి పెట్టకుండా ఎక్కడన్నా మనవాళ్లమవుతామా?"

మా నాన్న మిల్లులో బేళ్లు మోసేవారు. నాలాంటి దూరపు పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం మాస్టారింట్లోనే. పరాన్నజీవి అంటే ఏమిటని తరగతిలో ఎవరో అడిగితే, పరుల అన్నం తిని బతికేది, అంటే మీరేరా అన్నారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో మా పేరదే. వాకిట్లో మా చెప్పులు చూడగానే ఆయన భార్య రూతమ్మగారు "పరాన్నజీవులొచ్చారండీ" అని లోపలికి కేకేసి, ఎసట్లో ఇంకాస్త బియ్యం పోసేవారు.

చివరికి మన కానాగంత చేపల మొప్పల్లో ఉండే పురుగే ఆ పరదేశి చేప మొప్పలోనూ కనబడింది. మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, పెళ్లికబురు తెచ్చినవాడిలా వీధంతా చూపించారు.

ఇప్పుడు ఆయన భౌతికకాయం పక్కన వాళ్ల అన్నగారు నిలబడి ఉన్నారు. ఇల్లరికం వచ్చినవాడు ఎన్నేళ్లున్నా పరాయివాడేనని, పిడుగురాళ్లలోనే సమాధి చెయ్యాలని పట్టుబట్టారు. బండి కూడా తెచ్చుకున్నారు.

రూతమ్మగారు లేచి, గోడవారన నిలబడ్డ మమ్మల్ని చూపించారు.

"ఆయన అన్నం తిన్నోళ్లంతా ఇక్కడున్నారు బావగారూ. ఆయన ఈ ఊరాయన కాకుండా ఎట్లా పోతారు?"

అన్నగారు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు. బండి వెనక్కి పంపేసి, తానే ముందుగా శవపేటికకు భుజం పట్టారు.

పేట సమాధుల తోటలో ఆ జ్ఞానమూర్తిని మట్టికి అప్పగించి, ఇంటికొచ్చి వాకిట్లో చెప్పులు విడిచాం. రూతమ్మగారు అలవాటుగా "పరాన్నజీవులొచ్చా..." అని లోపలికి కేకేయబోయి ఆగిపోయారు. పలికేవారు ఎవరున్నారు? కాసేపటికి వంటింట్లో బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది.

ఆగిపోయిన ఆ మాట మీ పాదాల చెంత నేను పూర్తిచేస్తున్నాను. పరాన్నజీవులం వచ్చామండీ, మాస్టారూ.