పన్నెండో మెట్టు

రాజయ్యను నేను మొదటిసారి చూసింది మా వంటింట్లో, సింకు కింద. కాళ్లు మాత్రమే బయట ఉన్నాయి. బాచుపల్లిలో మా అబ్బాయి కొన్న ఫ్లాటుకు మాడ్యులర్ కిచెన్ బిగించడానికి వచ్చాడు. అరగంట తర్వాత ఆ కాళ్లకు ఒక దగ్గు వచ్చింది, ఆ తర్వాత ఒక తల వచ్చింది. జుట్టు నిండా బోర్డు పొడి. డెబ్భై ఏళ్లుంటాయనుకున్నాను. యాభై ఆరట.

"కూర్చో రాజయ్యా, టీ తాగు."

"కూసుంటే మళ్ల లేవబుద్ధి గాదు సార్. నిలబడే తాగుత."

వాళ్లది సిద్దిపేట పక్క. తాత బండిచక్రాలు చేశాడు, తండ్రి తలుపులు చేశాడు. ఇతను ఇరవై రెండో ఏట పట్నం వచ్చి కొన్నాళ్లు టేకు కిటికీలు చేశాడు. తర్వాత టేకు పోయింది, ఫ్యాక్టరీలో కోసిన బోర్డులు వచ్చాయి. చెక్కను నున్నగా చేసే రందా చేత పట్టి పదిహేనేళ్లయిందని చెప్పాడు. ఎవరో దూరపు చుట్టం పోయిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఇప్పుడేముంది సార్. డబ్బా పక్కన డబ్బా పెట్టుకుంట పోవుడే. ఏ గోడా సక్కగుండదు. ఆఖర్ల గోడకాడ ఎంత సందు మిగిలితే అంత పట్టీ కొట్టుడు. ఎవలకు తెల్వది."

నిజంగానే మా వంటింట్లో చివర రెండు వేళ్ల వెడల్పు పట్టీ ఉంది. అతను చెప్పేదాకా నేనూ చూడలేదు.

పని అయిపోయిన రోజు బాల్కనీలో నిలబెట్టిన పనస చెక్క మీద అతని కన్ను పడింది. అది డచ్చి కెప్టెన్ ఓడలోదనీ, బందరు రేవులో ఓడ మునిగితే ఈ చెక్క పట్టుకుని మా ముత్తాత మూడు రోజులు తేలాడనీ, మూడో రోజు ఒక తాబేలు ఒడ్డు చూపించిందనీ చెప్పాను. మా మనవలు ఈ కథకు చెవులు కోసుకుంటారు. రాజయ్య గోటితో గీకి వాసన చూశాడు.

"మంచం తలాపు పట్టె సార్ ఇది. నల్లులకు కిరసనాయిలు పోసిన్రు. మంచి కర్ర. అమ్ముతరా?"

"దేనికి?"

"బిడ్డకు గిటార్ చెయ్యాలె."

అమ్మలేదు, ఇచ్చేశాను. అబద్ధం చెప్పి దొరికిపోయినవాడికి బేరమాడే హక్కు ఉండదు.

కూతురు నవనీత. హైటెక్ సిటీలో ఒక కంపెనీ హెల్ప్ డెస్కులో ఉద్యోగం. ఆఫీసు పిల్లలు కట్టుకున్న బ్యాండులో బాస్ గిటార్ వాయిస్తుంది. బాస్ అంటే నాలుగు లావుపాటి తీగల గిటారు, పాట కింద గంభీరంగా నడిచే శబ్దం దానిదే. పోయిన వానాకాలం స్కూటీ జారి ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ ఆఫీసు గిటారు పొడుగుకు చెయ్యి చాపితే పావుగంటలో నొప్పి మొదలవుతుంది. దుకాణాల్లో దొరికే పొట్టివాటి మెడలు ఆమె పట్టుకు లావయ్యాయి. ఇంకో రెండు నెలల్లో, ఒక శనివారం సాయంత్రం కంపెనీ వార్షికోత్సవం. అప్పటికి వాయించలేకపోతే తన చోట గిరీష్ అనే అబ్బాయిని తీసుకుంటామని బ్యాండు వాళ్లు మెల్లగానే చెప్పారట.

"మెల్లగ చెప్పినా పీకుడు పీకుడే గద తాతా," అంది నవనీత, నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు.

హఫీజ్‌పేట్‌లో రైలు పట్టాలకు దగ్గరగా చిన్న ఇల్లు, మేడ మీద రేకుల షెడ్డు. అదే కార్ఖానా. రాజయ్య పొద్దున పనికి పోయేముందు ఒక గంట, ఆదివారాలు పూర్తిగా అక్కడే. రందాకు తుప్పు వదిలించడానికే ఒక ఆదివారం పట్టింది. మెడ ఎంత లావుండాలో తేల్చడానికి అతను చేసిన పని నేను ఎక్కడా వినలేదు. భార్య మల్లమ్మ చేత చపాతీ పిండి గట్టిగా కలిపించి, కర్రకు చుట్టి, కూతురిని పట్టుకోమన్నాడు. వేళ్లు దిగిన ఆ ముద్దను ఎండబెట్టి, దాన్ని చూస్తూ మెడ చెక్కాడు.

"రొట్టెలకు లేదు గని గిటారుకు పిండి," అని మల్లమ్మ గొణిగింది. మళ్లీ తనే ఇంకో ముద్ద కలిపి తెచ్చింది, మొదటిది పగిలిందని.

మెడ మీద అంటించే పలకకు పాత కర్రల దుకాణంలో నల్లగా, గట్టిగా ఉండే జిట్రేగి బద్ద ఏరుకొచ్చాడు. ఆ పలక మీదే వీణకున్నట్టు మెట్లుంటాయి. మెట్టు మెట్టుకూ దూరం తగ్గుతూ పోవాలి. ఆ కొలతలు నవనీత ఆఫీసులో ప్రింటు తీసి తెచ్చింది. కాగితంలో రెండు వరసలు. ఒకటి తీగ మొదలు నుంచి ప్రతి మెట్టుకూ దూరం. రెండోది ఒక మెట్టుకూ దాని తర్వాతి మెట్టుకూ మధ్య సందు.

రాజయ్య రెండో వరస పట్టుకున్నాడు. డబ్బా పక్కన డబ్బా పెట్టే చెయ్యి కదా. మొదటి మెట్టు గీసి, దాన్నుంచి రెండోది కొలిచి, దాన్నుంచి మూడోది. ప్రతిసారీ పెన్సిలు గీత మందం అంత తేడా, మెట్టు మెట్టుకూ పోగవుతూ.

ఉత్సవానికి తొమ్మిది రోజులుండగా, గురువారం పొద్దున తీగలు బిగించారు. నన్ను పిలిచారు. గిటారు అందంగా ఉంది. పనస కర్ర పసుపు దిగి తేనెరంగుకు తిరిగింది. నవనీత ఒక తీగను ఊరికే మీటింది, తర్వాత పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటింది. పన్నెండోది తీగకు సరిగ్గా సగంలో ఉండాలి. అదే స్వరం ఒక స్థాయి పైన పలకాలి. చిన్నప్పుడు బందరు కాన్వెంటులో సంగీతం నేర్పిన సిస్టర్ ఆగ్నెస్ స్వరం తప్పితే వేళ్ల మెటికల మీద కొట్టేది, ఇప్పుడీ తీగ వినగానే నా మెటికలు మళ్లీ ముడుచుకున్నాయి. ఉండాల్సిన దానికంటే పైకి పలికింది.

రాజయ్య టేపు పెట్టాడు. ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ. మళ్లీ పెట్టాడు. టేపు మడిచి జేబులో వేసుకుని, మళ్లీ తీసి పెట్టాడు.

కింద తీగలు ఆనే బిళ్లను కాస్త జరిపి చూశారు. పన్నెండోది దారికొచ్చింది. కానీ అయిదోది ఒకలా, తొమ్మిదోది ఒకలా, పన్నెండు దాటాక అన్నీ పులిసిపోయాయి.

"ఏం గాదు బాపూ," అంది నవనీత. "నా పాటలన్నీ కింది మెట్ల మీదనే. డ్రమ్స్ మోతల ఎవలకు తెల్వది."

రాజయ్య బల్ల అంచు మీద కూర్చున్నాడు. అతను పనిచోట కూర్చోవడం నేను చూసింది అదే మొదలు.

"సార్, మీరు చెప్పున్రి. సక్కగున్నదా?"

నాకు అబద్ధం పుట్టడం తుమ్ము రావడమంత సులువు. నవనీత నా వైపు చూస్తోంది, బాగుందను తాతా అన్నట్టు. నాలుక కదిలించి చూశాను.

"లేదు రాజయ్యా."

అతను లేచి కిందికి వెళ్లి మల్లమ్మ ఇస్త్రీ పెట్టె తెచ్చాడు. సంగతి ముందుగా అర్థమైంది నవనీతకే.

"బాపూ, వద్దు. వచ్చే శనివారం ప్రోగ్రాం ఉన్నది నాకు."

"ఎరుక బిడ్డా."

"మళ్ల పలక జేసి, మెట్లు గొట్టి, అంటుకునేసరికి నెల అయితది. నా జాగ పోతది."

"పోతదేమో."

"నీకేం, నువ్వు హాయిగ అంటవు!"

"హాయిగ లేదు," అన్నాడు రాజయ్య. "పదిహేనేండ్ల సంది పట్టీలు కొట్టి కొట్టి చెయ్యి పాడైంది. నీ చేతుల పెట్టేదానికి గూడ గట్లనే జేస్తే ఇగ నా పని దేనికి?"

పలకను ఇస్త్రీ పెట్టెతో వేడి చేసి, సన్నటి కత్తి దూర్చి, వేలెడు వేలెడు చొప్పున లేపాడు. జిగురు కరిగి కమురు వాసన వచ్చింది. నవనీత దిగి ఆఫీసుకు వెళ్లిపోయింది. నాలుగు రోజులు తండ్రితో మాట్లాడలేదట.

ఉత్సవం నాటి శనివారం ఆమె ఆఫీసు గిటారుతోనే స్టేజీ ఎక్కింది. రెండు పాటలయ్యాక చెయ్యి మడవలేక గిరీష్‌కు ఇచ్చి దిగింది. అప్పటినుంచి అతనే వాయిస్తున్నాడు. నవనీత ఈ మాట నాకు ఫోనులో చెప్పింది, తండ్రికి మల్లమ్మ చెప్పింది. ఆ వారమంతా రాజయ్య ఒక్కోరోజు రెండేసి వంటిళ్లు బిగించాడు. పొద్దున్నే మేడ ఎక్కేవాడు, ఒక్కోసారి రందా పట్టుకుని ఊరికే నిలబడి దిగి వచ్చేవాడట.

జిట్రేగి బద్ద మళ్లీ దొరకడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఈసారి పెన్సిలు లేదు, సూదిలాంటి మొనతో గీత. పొడవాటి ఇనుప స్కేలును పలకకు బిగించి, అన్ని మెట్లూ తీగ మొదలు నుంచే. గీత గీతకూ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఇరవై గీతలకు ఒక ఆదివారం. మెట్లు బిగించి, ఆకురాయితో సమం చేసి, కర్రకు నూనె పట్టించేసరికి ఇంకో మూడు.

చివరి ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి నవనీత తీగలు బిగిస్తోంది. రాజయ్య టేపు తీయలేదు. ఆమె ఊరికే మీటింది, పన్నెండో మెట్టు నొక్కి మీటింది. నా మెటికలు కదల్లేదు. ఇంకో మూడు తీగలూ అంతే. అప్పుడు చిన్న స్పీకరుకు వైరు తగిలించింది. షెడ్డు రేకులు సన్నగా వణికాయి.

పాట తర్వాత పాట వాయించింది. పావుగంట దాటింది, అరగంట దాటింది. రాజయ్య గోడకు ఆనుకుని, ఆమె ముఖం కాదు, మణికట్టే చూస్తున్నాడు.

"నొస్తున్నదా?"

"లేదు బాపూ."

"జర ఆగి చెప్పు."

ఇంకో పది నిమిషాలు వాయించింది. "లేదు. నిజంగ లేదు." అని ఫోను తీసి బ్యాండు వాళ్లకు వాయిస్ మెసేజ్ పంపింది. "బుధవారం ప్రాక్టీసుకు వస్తున్నా. ఒక్కపాట వినున్రి, తర్వాత ఎవరు వాయించాల్నో మీరే చెప్పున్రి. గిరీష్, ఏమనుకోకు."

అది పంపి తలెత్తేసరికి రాజయ్య నిద్రపోయాడు, గోడకు ఆనుకునే, నోరు కొంచెం తెరిచి. మల్లమ్మ అన్నానికి లేపుదామని మెట్లెక్కి వచ్చింది. నవనీత వద్దని చెయ్యి ఊపింది. స్పీకరు నుంచి వైరు మెల్లగా పీకి, చప్పుడు లేని ఆ తీగల మీద వాయిస్తూనే కూర్చుంది.