చూస్తేగాని అర్థం చెప్పని సోమరాజు గారు

ఇంగ్లీషు విశేషణం ఎదురైతే ఏలూరులో జనానికి ఉత్తరాలూ తంతులూ చదివిపెట్టే సోమరాజు గారికి కాలు నిలిచేది కాదు. మిగతా మాటలకు అక్కడికక్కడే తెలుగు చెప్పేసేవారు. విశేషణానికి మాత్రం, అది వర్ణించే వస్తువునో మనిషినో కళ్లారా చూస్తేగాని నోరు విప్పేవారు కాదు.

తివాచీల వ్యాపారి హిదాయతుల్లాకు ఇంగ్లండు నుంచి ఉత్తరం వచ్చింది, సరుకు ‘ఫైన్’ అని. సన్నమా, మేలా, సొగసా? తేల్చడానికి సోమరాజు గారు తివాచీ పరిపించుకుని సాయంత్రం దాకా దానిమీద నిద్రపోయారు. లేచి, మూడూనూ అన్నారు. ఎవరిదో పెళ్లి సంబంధంలో పిల్ల ‘ఫేర్’ అని రాస్తే, తెల్లనా న్యాయమా అని బండి కట్టించుకు వెళ్లి, న్యాయమైన పిల్లేనని చెప్పారు. రంగు సంగతి అడిగితే, చూడటం మరిచిపోయానన్నారు.

అలాంటి మనిషి దగ్గరికి పందొమ్మిది వందల ముప్ఫై నాలుగు వానాకాలంలో ఓ పొద్దున, కొల్లేటి లంక నుంచి గంగారత్నం తంతి పట్టుకుని వచ్చింది. ఆమె భర్త పెద్దింటయ్య కాలికి చేపముల్లు గుచ్చుకుని, వాచి, జ్వరంతో తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో పడి నాలుగు రోజులైంది. కాగితం ఆయన చేతిలో పెట్టింది.

సోమరాజు గారు చదివి, కళ్లజోడు తుడుచుకున్నారు.

“మీ ఆయన పరిస్థితి ‘క్రిటికల్’ అన్నారమ్మా. దీనికి చాలా అర్థాలున్నాయి. మీ ఆయన వంకలు పెట్టే మనిషా?”

“పెడతాడండీ. కూర ఎలా వండినా పెడతాడండీ.”

“అదొక అర్థం. ఉండమ్మా, పుస్తకం చూడాలి.”

లోపల్నుంచి గుడ్డ అట్ట వేసిన పుస్తకం తెచ్చి, వేలు పెట్టి వెతికి, ఉన్నట్టుండి చొక్కా తొడుక్కున్నారు. మనిషిని చూడకుండా అర్థం చెప్పేది లేదు, స్టేషనుకు పదమన్నారు.

రైల్లో గంగారత్నానికి మిగతా అర్థాలేమిటో అడగాలని ఉంది, అడగాలంటే భయం. ప్రతి స్టేషను దగ్గరా ఆయన పుస్తకం విప్పి, ఇంకా తేలలేదమ్మా అనేవారు. భీమడోలులో అరటిపళ్లు కొనిచ్చారు గాని ఆమె తినకుండా కొంగున కట్టుకుంది. అర్థం తేలనంతసేపూ పెద్దింటయ్య బతికే ఉంటాడని, ఆ పుస్తకం వంకే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో పెద్దింటయ్య నీరసంగా కళ్లు తెరిచి, ఈ జావలో ఉప్పు లేదన్నాడు. గంగారత్నం మంచం కోడు పట్టుకుని భోరుమంది.

“తేలిందమ్మా, వంకలు పెట్టే మనిషే,” అన్నారు సోమరాజు గారు.

నర్సు రూతమ్మ తెల్లబోయింది. ఆశ వదులుకునే తంతి ఇచ్చామనీ, ఆ తర్వాతే జ్వరం దిగిందనీ చెప్పింది. ఆయన బల్లమీద పెట్టిన పుస్తకం తీసి పేజీ తిప్పింది.

“ఇది రైళ్ల టైంటేబులు కదండీ.”

గంగారత్నం కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

“అసలు అర్థం మీకు ముందే తెలుసాండీ?”

సోమరాజు గారు పుస్తకం లాక్కుని, తిరుగు బండి ఎప్పుడో చూడాలంటూ అందులో తల దూర్చారు. పొద్దున్నుంచి ఆయన కూడా ఏమీ తినలేదని ఆమెకు అప్పుడు తట్టింది. కొంగున కట్టుకున్న అరటిపండు వలిచి చేతిలో పెట్టింది.

“తియ్యగా ఉందమ్మా,” అన్నారు ఆయన, ఇంకా కొరకకుండానే.