ఆరో బల్ల మీద దిక్సూచి

ఆ బడిలో సైన్సు చెప్పే టీచరమ్మను పిల్లలు చాటుగా సోదా టీచర్ అనేవారు. పాఠానికి ముందు ప్రయోగాల గదిలో సామాను లెక్కపెట్టేది, అయ్యాక మళ్లీ లెక్కపెట్టేది. రెండూ కలిస్తేగానీ గంట కొట్టినా ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఎవరో సూక్ష్మదర్శిని కటకం కాజేస్తే నింద ఆమె మీద పడింది. కటకం దొరకలేదు, నింద పోలేదు. ఇరవై రెండేళ్లుగా ఎవరినీ నమ్మలేకపోయింది. "ఇంట్లో చెంచాలు కూడా లెక్కపెడుతున్నావు" అని భర్త నవ్వితే, ఆమె నవ్వేది కాదు.

ఏడో తరగతికి అయస్కాంతాల పాఠం వచ్చింది. మొదటి రోజు కాగితం మీద ఇనుప రజను చల్లి, కింద అయస్కాంతం పెట్టి, రజను వంపులు వంపులుగా సర్దుకోవడం చూపించింది. రెండో రోజు బల్లకొక దిక్సూచి ఇచ్చింది.

"భూమి కూడా ఒక పెద్ద అయస్కాంతమే. కంటికి కనపడదు గానీ దాని పట్టు ఈ గదిలోనూ ఉంది. దిక్సూచిని ఎటు తిప్పినా ముల్లు ఉత్తరానికే వస్తుంది, చూడండి."

అయిదు బల్లల మీద ముళ్లు బుద్ధిగా కిటికీ వైపు తిరిగాయి. ఆరో బల్ల మీది ముల్లు మాత్రం దాని ముందు కూర్చున్న ఒక పిల్ల వైపు తిరిగి నిలబడింది.

ఆ పిల్ల నెల కిందటే చేరింది. జుట్టు చెవుల మీదికి దట్టంగా దువ్వుకునేది. ఎవరు పిలిచినా క్షణం ఆగి పలికేది. టీచరమ్మ దిక్సూచి మార్చి ఇచ్చింది. పిల్ల వంగగానే కొత్త ముల్లూ గిర్రున తిరిగింది. వెనక్కి వాలితే ఉత్తరానికి పోయింది.

గంటయ్యాక పెట్టె తీస్తే లాడం అయస్కాంతం లేదు. అటెండరుని అడిగితే, "నాకేం తెలుసు టీచరుగారూ" అంటూ తల దించుకుని వెళ్లిపోయాడు. ఇక ఎవరి పనో ఆమెకు రూఢి అయిపోయింది.

మిగతావాళ్లను పంపేసి, ఆ పిల్లను ఆపి సంచి వెతికింది. పుస్తకాలు, నీళ్లసీసా, అంతే. జేబులూ ఖాళీ.

"మరి ముల్లు నీ వైపే ఎందుకు తిరుగుతోంది?"

"మా అమ్మని అడగండి."

తల్లీ కూతుళ్లు కూడబలుక్కున్నారన్నమాట, అనుకుంది టీచరమ్మ.

తల్లి కుట్టుమిల్లులో పని చేసేది. మర్నాడు భోజనాల వేళ వచ్చింది. మాట్లాడే ముందు తనే తలుపు మూసి, కూతురి జుట్టు పైకెత్తింది. చెవి వెనక బొత్తాములాంటి గుండ్రటి బిళ్ల తలకు అతుక్కుని ఉంది.

"దీని జోడీ అయస్కాంతం చర్మం కింద ఉంది. ఆపరేషన్ చేసి పెట్టారు. ఈ బిళ్ల అతుక్కుంటేనే మా పిల్లకి వినపడేది. పాత బళ్లో మిషన్ తల అని ఏడిపించారు. అందుకే పెద్ద మాస్టారికి తప్ప ఎవరికీ చెప్పలేదు."

టీచరమ్మ పిల్ల వైపు తిరిగింది.

"నీ సంచి వెతికాను. తప్పు చేశాను తల్లీ."

పిల్ల క్షణం ఆగి, "ముందే మంచిగా అడిగినా చెప్పేదాన్ని కాదులెండి" అంది.

సాయంత్రం అటెండరు లాడం అయస్కాంతం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆఫీసు తాళంచెవి కాలవలో పడితే తీయడానికి నిన్న పాఠం నడుస్తుండగానే పట్టుకెళ్లాడట. "చెబితే సోదా మొదలెడతారని భయమేసింది." ఆ మాట ఆమెకు బాగానే తగిలింది.

తర్వాతి పాఠంలో పెద్ద అయస్కాంతాలు ఆ పిల్ల దరిదాపులకు రానివ్వలేదు. ఆరో బల్ల సంగతేమిటని పిల్లలు అడిగితే, "బల్లకు మేకులున్నాయి కదా" అని తేల్చేసింది.

పిల్లలు బల్లల కింద దూరి చూసి వచ్చారు.

"అన్ని బల్లలకీ అవే మేకులు టీచర్. మీరేదో దాస్తున్నారు."

నలభై జతల కళ్లు ఆమె మొహాన్ని తడిమాయి. ఆమె చెమట తుడుచుకుని, "అయితే ఇంకా వెతకండి" అంది. ఆరో బల్ల దగ్గర పిల్ల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.