చెవి వాచిన మూడు రోజులు

పుంగనూరులో సైన్సు టీచరుగా ఉన్నప్పుడు మృదులాస్థి పాఠానికి నేను చార్టు వాడేవాణ్ణి కాదు. పిల్లలందరినీ తమ చెవి తాము పట్టుకోమనేవాణ్ణి. మడవమనేవాణ్ణి, వదలమనేవాణ్ణి. ఎముకైతే విరిగేది, వట్టి చర్మమైతే వేలాడేది, ఇది మాత్రం వదలగానే మళ్ళీ నిలబడుతుంది అని చెప్పేవాణ్ణి. ముక్కు కొనలోనూ గొంతులోనూ మోకాలి కీలులోనూ శరీరానికి ఆసరాగా ఉండేది ఈ జాతి కణజాలమే అనేవాణ్ణి. ప్రతి ఏడూ ఇవే మాటలు. ఆ రాత్రి డైరీలో "చెవి పాఠం బాగా జరిగింది" అని రాసుకునేవాణ్ణి.

ఒక ఏడు ఎనిమిదో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే పిల్లవాడు లేచాడు. "మా తాత చెవి నిలబడలేదు సార్. మూటలు మోసి మోసి ముడుసుకోని పోయుండాది."

తరగతి నవ్వింది. నన్ను వెక్కిరించాడనుకున్నాను. దగ్గరికి పిలిచి కుడి చెవి పట్టి మెలిపెట్టాను. మా బడిలో అందరం చేసే పనే అది. ఆ వేళ మాత్రం ఎక్కువసేపు పట్టుకున్నాను. "నీది నిలబడుతుందో లేదో చూద్దాం" అన్నాను. మళ్ళీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు నాకు నచ్చింది.

రిటైరయ్యాక మదనపల్లెలో స్థిరపడ్డాను. పోయినేడు ఆ బ్యాచి వాళ్ళు పుంగనూరులో కలుసుకుంటూ నన్ను పిలిచారు. శాలువా కప్పారు. ఆ పిల్లవాడిప్పుడు కుప్పంలో వడ్రంగి. అతను నా కాళ్ళకు మొక్కుతుంటే వెనక నుంచి ఎవరో అన్నారు: "ఈయప్ప చెవి సూడండి సార్, మీరేసిన సీలు ఇంకా చెరగలేదు."

చూశాను. కుడి చెవి పైభాగం ఎండిన నేరేడు పండులా ముడుచుకుని ఉంది. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. నేను కూడా నవ్వాను.

ఇంటికి వచ్చి ఆ ఏటి డైరీ తీశాను. "ఎదురు ప్రశ్న వేసినవాడికి చెవి మెలిపెట్టాను." మరునాటి పేజీలో "చెవి వాచి వచ్చాడు." ఆ మరునాడు "వాపు తగ్గలేదు. ఉప్పు కాపడం పెట్టుకోమన్నాను." మూడో నాడు "వాపు ఎక్కువైంది. మెత్తగా, నీళ్ళ తిత్తిలా ఉంది." ఆ తర్వాత యూనిట్ పరీక్ష మార్కులు ఉన్నాయి. చెవి మాట మళ్ళీ లేదు.

మృదులాస్థిలో రక్తనాళాలుండవు. పైనున్న పల్చటి పొర నుంచే దానికి ఆహారం అందుతుంది. దెబ్బ తగిలి ఆ పొర కింద రక్తం చేరితే, ఆహారం అందక అది చచ్చి ముడుచుకుపోతుంది. వెంటనే డాక్టరు ఆ రక్తం తీసేస్తే చెవి దక్కుతుంది. రక్తనాళాలుండవన్న మాటను ఏటేటా బోర్డు మీద రాసి కింద గీత గీసిందీ, రెండు మార్కుల ప్రశ్నగా ఇచ్చిందీ నేనే. మూడు రోజులు ఆ చెవిని చూసి, చూసింది చూసినట్టు రాసుకుని, ఊరుకున్నదీ నేనే.

కొన్ని నెలలు ఆగాను. ఎందుకాగానో డైరీలో రాయలేదు. చివరికి కుప్పం బస్సెక్కి, ఇంటి ముందే ఉన్న అతని కొట్టుకు వెళ్ళాను.

"ఏం సార్, ఫోనన్నా చెయ్యకుండా వచ్చేసినారు? బస్టాండుకు వచ్చుందును గదా" అంటూ స్టూలు తుడిచి వేశాడు. చెప్పాల్సిన మాటలు బస్సులోనే కాగితం మీద రాసుకున్నాను. తీసి చదివాను. అతను తలుపు చెక్కను చిత్రిక పట్టడం ఆపి విన్నాడు.

"యాల సార్ ఇప్పుడిదంతా? ఇంటికి పోయి చెప్తే మా నాయన కూడా, సారుకే ఎదురు మాట్లాడతావా అని ఇంకోటి ఇచ్చినాడు."

"ఆ చెవికేనా?"

"లే సార్, రెండో పక్క. ఆయప్పకు రోంత దయ ఉండాది." నవ్వాడు. "కండ్లద్దాలే నిలబడవు. కరోనాలో మాస్కూ అంతే." అద్దాల కుడి కాడకు దారం కట్టి తల చుట్టూ తిప్పుకుని ఉన్నాడు.

నేను లేవబోతుంటే అన్నాడు: "ఒకటి చేస్తారా సార్? చింతచెట్టు మీద నుంచి పడినానని మా పాపకు చెప్పినాను. సైన్సు బాగా చదువుతాది, నమ్మినట్టు లేదు. మీరు చెప్పండి."

"నువ్వే చెప్పరాదా అప్పా?"

"నేను చెప్తే మీ మీద చాడీ చెప్పినట్టుంటాది."

నేను గడియారం చూసుకున్నాను. బస్సుకు వేళవుతోందని నోటిదాకా వచ్చింది. నా చూపు ఎటు పోయిందో అతను గమనించాడు. పాపను పిలిచాడు.

ఆ అమ్మాయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఎదురుగా నిలబడింది. పన్నెండు, పదమూడేళ్ళుంటాయి. కాగితం చూడకుండా మొత్తం చెప్పాను. ఆమె నా ముఖం చూడలేదు, చేతులు చూస్తూ వింది.

"ఏ చెయ్యి?" అంది.

కుడి చెయ్యి చూపించాను.

"ఇప్పుడు యాడ పాఠాలు చెప్తాండారు?"

"రిటైరయినానమ్మా."

"మేలు" అంది.

"ఏమ్మే, పెద్దోళ్ళతో మాట్లాడే మాటేనా అది?" అని తండ్రి కసిరాడు.

"అననియ్యప్పా" అన్నాను. "ఇంకేమన్నా అడుగుతావామ్మా?"

"మెలిపెట్టినారు, సరే. కోపమొచ్చింది. మూడు దినాలు వాపు సూస్తానే ఉండారు గదా. మీకు తెలుసు గదా. డాక్టరు దగ్గరికి యాల పంపించలేదు?"

"తెలుసమ్మా. తెలిసీ పంపలేదు" అన్నాను.