చెక్కుచెదరని వెనక ఇరుసు

మా బావ ముప్పై ఏళ్లు ఇతరుల లారీలు తోలాడు. యాభై దాటాక, బెజవాడలో ఒక షెడ్డులో మూలపడి ఉన్న, ఇంజను ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన పాత లారీని ఆయనా నేనూ చెరిసగం వేసుకుని కొన్నాం. దాని వయసు దాదాపు నా వయసు. హైవే ఎక్కే ఓపిక దానికి లేదు గాని, చెరకు సీజనులో ఉయ్యూరు చుట్టుపక్కల పొలాల నుంచి ఫ్యాక్టరీకి తిరగడానికి సరిపోయేది. తోలడం ఆయన వంతు, లెక్కలు నా వంతు. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఓనరు గారూ" అని పిలిస్తే బావ వినపడనట్టు ఉండేవాడు, రెండోసారి కూడా పిలిపించుకోవాలని.

రెండో సీజను దగ్గర పడుతుండగా వెనక ఇరుసులోంచి మూలుగు మొదలైంది. ఇరుసు మధ్య గుండ్రటి గుల్లలో రెండు పళ్ల చక్రాలుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇంజను తిప్పే తిప్పును టైర్లకు అందించేది ఆ జతే. ఆటోనగర్లో దాన్ని క్రౌన్ పినియన్ అంటారు. మా దాని పళ్లు అరిగి కత్తి అంచుల్లా తయారయ్యాయి. సీజనులోగా మార్చకపోతే బండి నిలిచిపోతుంది. బండి నిలిస్తే బావ మళ్లీ జీతానికి పోవాలి.

ఇంత పాత బండికి కంపెనీ ఇప్పుడు సామాను చెయ్యదు. మిగిలినవి రెండు దారులు. చిన్న కార్ఖానాల్లో చేసి రంగుల డబ్బాలో పెట్టి అమ్మే కొత్త జత ఒకటి. తుక్కుకు విప్పిన బండిలోంచి తీసిన అసలు జతను కడిగి, సరిచూసి, కొత్త బేరింగులతో ఇచ్చే రీబిల్టు రెండోది. ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు కాబట్టి డబ్బు మాట వదిలేస్తున్నాను.

నేను పదో తరగతి దాటలేదు. ఫ్యాక్టరీ ముందు, చెరకు నుంచి కంకర దాకా అన్ని లారీలూ తూచే కాటా దగ్గర పనిలో కూర్చుని కూర్చుని లెక్కలు నాకు నేనే పట్టుకున్నాను. ఏ వస్తువు చేతికొచ్చినా లెక్కపెట్టకుండా ఉండలేను. ఆ పెద్ద చక్రానికి నలభై ఒక్క పళ్లు, చిన్నదానికి ఆరు. ఒకటి తప్ప ఏ అంకెతోనూ ఆ రెండూ తెగవు. అందువల్ల చిన్న చక్రంలోని ప్రతి పన్నూ పెద్దదానిలోని పళ్లన్నిటినీ వంతుల వారీగా తాకి వస్తుంది, ఒకే పన్ను మీద భారం పడదు. ఇది ఎవరూ చెప్పకుండానే తట్టినందుకు పొంగిపోయి బావకు చెప్పాను.

"పళ్లకి బానే ఉందిరా, మనుషులకే కుదర్దు" అన్నాడు.

ముందు కొత్త సామాన్ల కొట్టుకు వెళ్లాం. డబ్బా విప్పి, నూనె కాగితం తీసి, సరిచూడ్డానికని జేబులో వేసుకొచ్చిన, ఇనుము అరగదీసే ఆకురాయిని పంటి మొదట్లో మెల్లగా రుద్దాను. సరైన గట్టిదనం ఉన్న ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ దిగింది. సన్నటి గీత పడింది.

"కొన్నాక గీసుకోండి సార్" అన్నాడు కొట్టు యజమాని. "పెళ్లిచూపుల్లో పిల్ల పళ్లు ఊపి చూస్తారా?"

బావ పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు.

అక్కణ్నుంచి రీబిల్టు పని చేసే భాయ్ షెడ్డుకు నడిచాం. ఆయన తీసి చూపిన జత మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. పళ్లకు నీలం రంగు పూసి తిప్పి చూపించాడు. ప్రతి పంటికీ రంగు సరిగ్గా మధ్యలోనే చెరిగింది, అంటే పళ్లు కుదురుగా కలుస్తున్నాయి.

"ఇంత బాగా ఎట్టా ఉంది భాయ్?" అని అడిగాను.

"యాక్సిడెంటు బండిది సార్. ముందు నుంచి గుద్దింది. క్యాబిన్ మొత్తం పోయింది, వెనక చెక్కు చెదర్లా. ఇట్టాంటిది మళ్లీ దొరకదు."

నా మటుకు లెక్క అక్కడితో తేలిపోయింది. ఆ బండికి దెబ్బ ముందు తగలడమే ఈ ఇరుసుకు మంచిదయింది. బావ మాత్రం చక్రం మీది చెయ్యి తీసేశాడు.

"ఏ బండి అది? ఆకుపచ్చ క్యాబినా?"

"అవునండి. కిందటేడు బందరు రోడ్డు మీద."

బావ చెయ్యి లుంగీకి తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. ఆ బండి తోలుతూ చనిపోయిన మనిషీ, బావా ఏళ్ల తరబడి ఒకే యజమాని దగ్గర పనిచేశారట.

"బావా, ఇనుముకేం తెలుస్తుంది చెప్పండి" అన్నాను.

"దానికి తెలీదు. నాకు తెలుసు."

"కొత్త జత మెత్తన. ఆకురాయి దిగింది, మీరూ చూశారు."

"దిగనీ. వాడూ నేనూ ఒక్క స్టవ్వు మీద అన్నం వండుకున్నాం. వాడు పోయిన బండి ముక్క కింద పెట్టుకుని నన్ను చెరకు తోలమంటావా?"

"ఎన్ని లారీల్లో ఇట్టాంటి ముక్కలు తిరగట్లేదు?"

"తిరుగుతాయి. నా బండిలో తిరగవు."

నా బండి అన్నాడు, మన బండి అనలేదు. సగం నాదని అనవచ్చు. కాని అక్క మొగుడితో ఆ మాట అనే అలవాటు మా ఇళ్లలో లేదు. కొత్తదే కొన్నాం. అక్క కొబ్బరికాయ కొట్టింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. మూలుగు పోయింది. నెల రోజుల పాటు బావ కాటా మీదికి బండి ఎక్కించినప్పుడల్లా నా వంక చూసి, "ఆకురాయి మేస్త్రి గారూ, బాగున్నారా?" అని పలకరించేవాడు.

సీజను నడిమధ్యలో, నిండు లోడుతో పామర్రు దగ్గర కాలవ వంతెన ఎక్కుతుండగా చిన్న చక్రం పళ్లు ఊడిపోయాయి. నేను వెళ్లేసరికి బండి గట్టు మీద అడ్డంగా ఉంది. గుల్లలోంచి తీసిన నూనెలో ఉక్కు ముక్కలు. కోసిన చెరకు ఎండలో గంట గంటకూ బరువు తగ్గుతుంది. చెరకు రైతు చెట్టు నీడకు కూడా వెళ్లకుండా బండి పక్కనే నిలబడ్డాడు.

"బండి మీదండీ, ఎండేది నా చెరకు" అన్నాడు బావతో. "కాటా మీద కూర్చునేది మీ బామ్మర్దేగా, తగ్గిన బరువు కలిపి రాయమనండి."

ట్రాక్టర్లు వచ్చి లోడు మార్చుకున్నాయి. మర్నాటికల్లా మా బండికి రావాల్సిన లోడ్లు కూడా వాటికే పోయాయి.

ఆటోనగరుకు మళ్లీ వెళ్లాం. భాయ్ దగ్గర ఆ జత లేదు, గుడివాడ వాళ్లు పట్టుకెళ్లారట. ఆ మాట విని బావ గట్టిగా ఊపిరి వదిలాడు. ఉండి ఉంటే ఏం చేసేవాడో నేను అడగలేదు. అటువంటిది ఇంకొకటి వెతుకుతుండగానే సీజను అయిపోయింది.

"నువ్వు ఆ రోజు మెత్తన, మెత్తన అంటూ నోరు పారేసుకున్నావు కదరా. ఆ నోటి మాటే తగిలింది" అంది అక్క, నా కంచంలో అన్నం పెడుతూ. బావ అక్కడే ఉన్నాడు. కాదనలేదు.

సీజను సంపాదన పోయింది, వేసవిలో బండిని తుక్కుకు ఇచ్చేశాం. నా లెక్క తప్పలేదు. ఆ సంగతి ఇప్పటిదాకా మా ఇంట్లో ఒక్కరూ అనలేదు, నేను అనడానికీ చోటు లేదు.

బావ ఇప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర టిప్పరు తోలుతున్నాడు. పాత బండే, నాలుగు చోట్ల అతుకులున్న బండి. మొన్న కంకరతో కాటా మీదికి వచ్చాడు. కాటా గదిలో నా పక్కన కూర్చున్న సూపర్‌వైజరు, మా అక్క కొడుకు వయసువాడు, "ఏయ్ డ్రైవరూ, కొంచెం ముందుకి" అని అరిచాడు. బావ మొదటి పిలుపుకే పలికి బండి ముందుకు జరిపాడు. ఆ టిప్పరు ఇరుసులో ఏముందో, అది ఏ బండిలోంచి వచ్చిందో ఆయనకు తెలియదు. చేరేటప్పుడు అడగలేదు. జీతానికి తోలేవాడు అడిగితే తాళాలు ఇంకొకడికి ఇస్తారు.

నేను బరువు చూసి చీటీ ఇచ్చాను. తీసుకుని వెళ్లిపోయాడు.