మా బావ తగ్గింపు

పోయిన ఆదివారం ఆరాధనకు బయల్దేరుతుంటే మా అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ లేవట్లేదురా" అంది. నేను వెళ్ళేసరికి పక్కకు తిరిగి పడుకున్నట్టే ఉన్నాడు. చర్చికి తొడుక్కోవాల్సిన తెల్లచొక్కా దండెం మీద ఉంది. ప్రభువునందు నిద్రించాడని మా చర్చి అయ్యగారు చెప్పారు. ఎవరినీ లేపకుండానే పోయాడు.

పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలి. కానీ మా అక్కను చేసుకున్న నాటి నుంచీ మా బావంటే నాకు కుళ్ళు. అది వదిలేసి ఆయన గురించి రాయడం నాకు చేతకాదు.

ఇద్దరం మాట తక్కువ మనుషులమే. ప్రార్థన కూటంలో సాక్ష్యం చెప్పమంటే ఆయన "దేవుడు మేలు చేశాడు" అని చాప మీద కూర్చునేవాడు. నేనూ అంతే చెప్పి కూర్చునేవాణ్ణి. ఆయనది తగ్గింపు, అంటే అణకువ అన్నారు. నన్ను నోరులేనోడు అన్నారు. అదే మాట, అదే చాప!

తగ్గింపు అనే మాట వింటేనే ఆయనకు నవ్వు. ఒకసారి గుంటూరు నుంచి వస్తుంటే బస్సులో మా సంఘపు ఆవిడొకరు, "మీ తగ్గింపు ఎవరికొస్తుంది అన్నయ్యగారూ" అంది.

"తగ్గింపు ఆషాఢంలో బట్టల కొట్లో పెడతారమ్మా, నా దగ్గరెక్కడిది?" అన్నాడు.

బస్సంతా నవ్వింది. ఆ మాట నాకు తట్టనందుకు ఊరు చేరేదాకా మూతి ముడుచుకునే ఉన్నాను.

చర్చికి స్లాబు వేసినప్పుడు ఇద్దరం ఇసుక మోశాం. పనిచేసినవాళ్ళ పేర్లు నల్లరాతి మీద చెక్కించి గోడకు పెట్టారు. నా పేరుంది. మా బావ పేరు చెక్కేవాడు మర్చిపోయాడు. ఇక చూడండి. రాతి మీద ఉన్న మా పేర్లు ఒక్కరూ చదవలేదు. లేని ఆయన పేరే ఊరంతా చదివింది.

నాకు ఒళ్ళు మండింది. "కావాలనే వద్దన్నావు గదా బావా?" అని అడిగేశాను.

"ఒరేయ్, రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వద్దనడం మాత్రం గొప్పలు పోవడం కాదంట్రా?"

"మరి నీకేం అనిపించలా?"

"చూసేవాడు చూశాళ్ళేరా" అన్నాడు. అని ఇంట్లోకి తిరిగి, "ఏమేవ్, నీ తమ్ముడు అలిగాడు, కాస్త మజ్జిగ ఇవ్వు" అని కేకేశాడు.

నా కుళ్ళంతా ఆ 'చూశాళ్ళే' అన్న మాట మీదే. జనం మెచ్చుకున్నందుకు కాదు. మెచ్చుకోకపోయినా ఆయనకు నిద్ర పట్టేది. దేవుడు చూస్తాడని నేనూ నమ్ముతాను. పక్కింటాయన కూడా చూస్తే బాగుండుననిపిస్తుంది.

సమాధి చేసిన మర్నాడు అందరూ అక్క ఇంట్లో ప్రార్థనలో ఉండగా మబ్బు పట్టింది. మా బావ ఆరబోసిన మిర్చి కల్లంలోనే ఉంది. మెల్లగా లేచి వెళ్ళాను. ఒక్కణ్ణే కాయంతా కుప్ప చేసి, పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి వచ్చాను. ఆ రాత్రి వాన దంచింది.

పొద్దున అక్క కల్లం దాకా వచ్చి చూసింది. "ఎవరు కప్పారో తమ్ముడూ, వాళ్ళ కడుపు చల్లగుండ" అంది.

నేనే అక్కా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. ఉత్త మిరపకాయ మింగినట్టయింది. ఆయనకు ఇలా మింగాల్సిన పనే ఉండేది కాదు.

అక్కకు చెప్పలేదు. మీకు చెప్పేశాను. మా బావైతే మీకూ చెప్పేవాడు కాదు.

వాన వెలిసింది. పట్టా మీద నిలిచిన నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. దాని కింద కాయ పొడిగా ఉంది.